సక్కర్ చేపను ఇంట్లో పెంచాలంటే: ఒకటిన్నర అడుగుల చేపకు తొట్టి సిద్ధం చేసే పద్ధతి

గోల్డ్‌ఫిష్ కొని డబ్బులిచ్చి బయల్దేరుతుంటే దుకాణంవాళ్లు ఇంకో చిన్న కవరు చేతిలో పెడతారు. "ఇదొకటి వేసుకోండి సార్, పాచంతా ఇదే తినేస్తుంది" అంటారు. అందులో గాజుకి అంటుకున్నట్టు కవరుకి అంటుకుని ఉన్న రెండంగుళాల మచ్చల చేపే సక్కర్. ప్లెకో అని కూడా అంటారు. సరైన తిండి, నీళ్లు దొరికితే ఏడాది రెండేళ్లలో అది అడుగు దాటుతుంది. పూర్తిగా ఎదిగితే 40 నుంచి 45 సెంటీమీటర్లు. పదేళ్లు, పదిహేనేళ్లు బతుకుతుంది. తొట్టి శుభ్రం చేసే పనికి తెచ్చుకుంటే దానికీ మీకూ కష్టమే. అదే ఆ తొట్టిలో అసలు చేప అనుకుని, దాని కొలతకి అన్నీ అమర్చుకుంటే ఇంతకంటే గట్టి, ఇంతకంటే చూడముచ్చటైన చేప మంచినీటి చేపల్లో అరుదు. ఈ రెండో దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. కొనే ముందు ఏ చేపో తేల్చుకోండి

సక్కర్లు దాదాపు అన్నీ దక్షిణ అమెరికావి. లోరికారిడే అనే కుటుంబం. మన వాలుగ, జెల్లలకు దూరపు బంధువులు. ఈ కుటుంబంలో 900కు పైగా జాతులున్నాయి. ఒంటిమీద పొలుసులు ఉండవు, వరసలు వరసలుగా ఎముక పలకలుంటాయి. చేత్తో తోకవైపు నుంచి తలవైపుకి నిమిరితే గరుకు కాగితంలా గీరుకుంటుంది, ఎందుకంటే ఆ పలకల మీద సన్నని పళ్లలాంటి ముళ్లుంటాయి.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి టెరిగోప్లిక్తిస్ ప్రజాతివి: పార్డాలిస్, డిస్‌జంక్టివస్, వాటి సంకరాలు. చిరుతపులి మచ్చలతో ఖరీదు ఎక్కువగా ఉండే జిబ్బిసెప్స్ కూడా ఇందులోదే, అది 50 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పసుపు తెలుపు రంగులో ఉండే ఆల్బినో సక్కర్ కూడా పెద్దదే అవుతుంది, రంగు చూసి చిన్న రకం అనుకోకండి. చాలామంది చెప్పే హైపోస్టోమస్ ప్లెకోస్టోమస్ అనే పేరు 1758లో లిన్నేయస్ వర్ణించిన వేరే జాతిది, దుకాణాల్లో అది అరుదు. తేడా తెలుసుకోవడం తేలిక. చేప వీపు రెక్క విప్పినప్పుడు అందులోని కాడలు లెక్కపెట్టండి. పది, అంతకు మించి ఉంటే టెరిగోప్లిక్తిస్. ఏడెనిమిదే ఉంటే హైపోస్టోమస్ లాంటి వేరే రకం.

మీ దగ్గర ఉన్నది రెండు మూడడుగుల ట్యాంకే అయితే, ఇక పెద్దది పెట్టే చోటు లేదంటే, బ్రిస్టిల్‌నోజ్ తీసుకోండి. అది 12 నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, మగదానికి ముక్కు మీద కొమ్మలు కొమ్మలుగా మీసాలొస్తాయి. నాచు తినడంలో పెద్ద సక్కర్‌కంటే ఇదే నయం. పెద్ద సక్కర్ ఎదిగేకొద్దీ నాచు మీద ఆసక్తి తగ్గించుకుని మీరు వేసే తిండి కోసం ఎదురుచూస్తుంది. "ట్యాంక్ చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉండిపోతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ ఎదుగుదల ఆగేది మురికి నీళ్ల వల్ల, ఇరుకు వల్ల. వెన్ను వంకరపోయి, కడుపు లోపలికి పోయి, బతకాల్సిన ఏళ్లు బతక్కుండానే పోతుంది.

2. ట్యాంక్, దాని బరువు

ఒక పెద్ద సక్కర్‌కి 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. ఇందులో నేను అస్సలు రాజీపడనిది వెడల్పు. ఒకటిన్నర అడుగుల చేప ఒంటి నిండా పలకలతో ఉంటుంది, పాములా మెలికలు తిరగలేదు. వెడల్పు అడుగో అడుగున్నరో ఉంటే తిరిగిన ప్రతిసారీ తోక రెక్క గాజుకి రాసుకుని చివర్లు చిరుగుతాయి. ఎత్తు తగ్గినా పర్వాలేదు, ఇది అడుగున ఉండే చేప.

పిల్లగా ఉన్నప్పుడు 4 అడుగుల ట్యాంక్‌లో మొదలుపెట్టవచ్చు. కానీ పెద్దదానికి చోటు, డబ్బు రెండూ ముందే చూసుకున్నాక మొదలుపెట్టండి.

ఇప్పుడు లెక్క చూడండి. పై కొలతల ట్యాంక్‌లో అంచుకి 4 అంగుళాలు వదిలి నింపితే నీళ్లు సుమారు 560 లీటర్లు, అంటే 560 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజు ఇంకో 120 కిలోల పైన. ఇసుక, మొద్దులు, స్టాండ్, ఫిల్టర్ కోసం కింద పెట్టే చిన్న తొట్టి (సంప్) కలిపితే 8 క్వింటాళ్లు దాటుతుంది. కింది అంతస్తు అయితే బెంగలేదు. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు అయితే హాలు మధ్యలో పెట్టకండి. కింద దూలం ఉన్న గోడ పక్కన, ట్యాంక్ పొడవు గోడ వెంట ఉండేలా పెట్టండి. అనుమానం ఉంటే భవనం కట్టిన ఇంజినీరుని ఒక మాట అడగండి. బాల్కనీలో మాత్రం వద్దు.

స్టాండ్ ఇనుప చదరపు పైపులతో వెల్డింగ్ చేయించి, రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి నాలుగు మూలలూ సమంగా ఉన్నాయో చూడండి. పైన ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మకోల్ షీటు, ఆ మీద ట్యాంక్. థర్మకోల్ లేకపోతే చిన్న ఇసుక రేణువు కూడా గాజు అడుగున ఒత్తిడి పెట్టి పగులు తెప్పించగలదు.

మూత తప్పనిసరి, అదీ బరువైనది. రాత్రిపూట బెదిరితే సక్కర్ ఒక్క ఉదుటున పైకి ఎగురుతుంది. అలాగే నీటికీ మూతకీ మధ్య ఆ నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. ఈ చేప కడుపు గోడల్లో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, పైకొచ్చి గాలి మింగి కడుపుతోనూ ఊపిరి తీసుకోగలదు. అప్పుడప్పుడు బాణంలా పైకి దూసుకొచ్చి గుటకేసి వెళ్లడం మామూలే. పదేపదే చేస్తుంటే మాత్రం నీళ్లలో ఏదో తేడా ఉంది.

3. ఫిల్టర్ విషయంలో పిసినారితనం వద్దు

సక్కర్ పెంచేవాళ్లకి రోజూ కనిపించేది దాని పెంట. దారాల్లా పొడుగ్గా, రోజంతా. మొక్కల పదార్థం, చెక్క గీకి తినే చేప కాబట్టి తిన్నదాంట్లో చాలా భాగం అలాగే బయటికొస్తుంది. ట్యాంక్ పైన వేలాడే చిన్న ఫిల్టర్లు, లోపల పెట్టే వేలెడంత పవర్ ఫిల్టర్లు ఇక్కడ పనికిరావు.

నా మాట వింటే సంప్ పెట్టించండి. ట్యాంక్ కింద ఇంకో చిన్న గాజు తొట్టి, అందులోకి నీళ్లు దిగి, మొదట దూది లాంటి ఫిల్టర్ ఊల్ గుండా, తర్వాత స్పాంజి, తర్వాత సెరామిక్ రింగుల గుండా వెళ్లి, మోటారుతో తిరిగి పైకి వస్తాయి. మోటారు గంటకు 3500 నుంచి 4000 లీటర్లు తోసేది తీసుకోండి. అంటే గంటలో ట్యాంక్ నీళ్లన్నీ ఆరేడుసార్లు తిరుగుతాయి. పైకి ఎత్తేటప్పుడు మోటారు వేగం పడిపోతుంది కాబట్టి డబ్బా మీద ఇంతకంటే కాస్త ఎక్కువ రాసి ఉన్నదే కొనండి. ఊల్ వారానికి రెండుసార్లు మార్చవచ్చు, చవకే. సెరామిక్ రింగులను మాత్రం పంపు కింద కడగకండి. ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలో ముంచి ఒక్కసారి ఆడించి పెట్టేయండి.

కారణం ఇది. చేప విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది. రింగుల్లో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది తక్కువ మోతాదులో ఉంటే చేప ఓర్చుకుంటుంది. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోపు చేపను వేయకండి. నీళ్లు నింపి, చేప లేకుండానే ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు చేపల మేత వేస్తుండండి. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన ట్యాంక్ నుంచి వాడిన స్పాంజి ఒకటి తెచ్చి మీ సంప్‌లో పెడితే పని త్వరగా అవుతుంది. ద్రవరూపంలో ఉండే టెస్ట్ కిట్ కొని చూడండి: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ కనిపిస్తోంది అంటే ట్యాంక్ సిద్ధం.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మన చాలా ఊళ్లలో బోరు నీటి పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. సక్కర్ 6.5 నుంచి 8 వరకు తట్టుకుంటుంది, లవణాలు ఎక్కువగా ఉన్న గట్టి నీళ్లనూ తట్టుకుంటుంది, అందువల్ల పీహెచ్ దించాలని మందులు పోయనక్కర్లేదు. కానీ పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే కొలత అమ్మోనియా మరింత విషంగా మారుతుంది. మెత్తటి నీళ్లలో చేప నెట్టుకొచ్చే పొరపాటు బోరు నీళ్లలో, అందులోనూ మే నెలలో, దాని ప్రాణం తీస్తుంది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వానాకాలంలో ఆ వాసన ఇంకా ఘాటుగా వస్తుంది. డ్రమ్ములో పట్టి, బుడగలు వదిలే గాలి రాయి (ఎయిర్ స్టోన్) వేసి ఒక రోజంతా ఉంచండి, లేదా దుకాణంలో యాంటీ క్లోరిన్ అని అడిగి తెచ్చుకుని సీసా మీద చెప్పిన కొలతలో కలపండి.

4. లోపలి అమరిక

అడుగున నున్నటి నది ఇసుక, ఒక అంగుళం చాలు. రంగురంగుల పదును గులకరాళ్లు వద్దు, ఈ చేప రోజంతా పొట్ట, పెదాలు నేలకి ఆనించి తిరుగుతుంది. శుభ్రత సులువుగా ఉండాలంటే ఇసుకే లేకుండా ఉట్టి గాజు అడుగు ఉంచినా తప్పులేదు. చూడ్డానికి బోసిగా ఉంటుంది కానీ చేపకు ఇబ్బంది లేదు.

రాళ్లు పెట్టేటట్టయితే ఇసుక పోయకముందే నేరుగా అడుగు గాజు మీద, పల్చటి థర్మకోల్ ముక్కో ప్లాస్టిక్ షీటో వేసి పెట్టండి. ఇసుక మీద పెడితే కింద తవ్వి రాయిని దొర్లిస్తుంది. రాయి గాజుకి తగిలిందా, మీ హాలు నిండా నీళ్లే.

డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టిలో వేసే చెక్క మొద్దు) ఒక్కటైనా ఉండాలి. దాన్ని గంటల తరబడి గీకుతుంది, దాని మీద పట్టే జిగురు పొరను తింటుంది, దాని నీడలో పడుకుంటుంది. దుకాణంలోది ఖరీదనిపిస్తే బాగా ఎండి పసరు ఆరిపోయిన గట్టి చెక్క వాడవచ్చు. పచ్చి కొమ్మలు, వేప వంటి చేదు కలప, రంగు పాలిష్ పడిన చెక్క వద్దు. ఏదైనా సరే మరిగే నీళ్లలో ఉడికించి, మునిగేదాకా బకెట్లో నానబెట్టండి. కొన్ని వారాలు నీళ్లు పల్చటి టీ రంగులో ఉంటాయి. అది చేపకి మంచిదే. కోస్తాలో వీధి వీధినా ఉండే నాటు బాదం చెట్టు ఎండుటాకులు కడిగి నాలుగైదు వేసినా అదే పని జరుగుతుంది. రాలి ఎండినవే ఏరండి, చెట్టున కోసినవి కాదు.

దాక్కోవడానికి శానిటరీ దుకాణంలో 6 అంగుళాల పీవీసీ పైపు ఒకటిన్నర అడుగు ముక్క కోయించి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది పడుకోబెట్టండి. చేప పెరిగాక 8 అంగుళాలది మార్చాలి. ఇరుకు పైపులోకి దూరి వెనక్కి రాలేకపోతే ముళ్లు విప్పి బిగుసుకుపోతుంది.

మొక్కల మీద ఆశ పెట్టుకోకండి. మెత్తటి ఆకుల అమెజాన్ స్వోర్డ్‌ని ఒక్క రాత్రిలో జల్లెడ చేస్తుంది. చెక్కకు కట్టిన అనూబియాస్, జావా ఫెర్న్ కొంత నిలుస్తాయి.

హీటర్ కోస్తావాళ్లకు దాదాపు అక్కర్లేదు. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు డిసెంబరు జనవరిల్లో రాత్రి నీళ్లు బాగా చల్లబడతాయి కాబట్టి అక్కడ ఒకే పెద్దదానికి బదులు రెండు 200 వాట్లవి పెట్టండి, ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ గార్డు తప్పకుండా తొడగండి. వెచ్చగా ఉందని హీటర్‌కే అంటుకుని పడుకుంటుంది, పొట్ట కాలుతుంది.

5. చేపను ఎంచుకోవడం, తొట్టిలోకి దించడం

దుకాణంలో సక్కర్‌ని పైనుంచి చూసి కొనకూడదు. గాజుకి అంటుకునేదాకా ఆగి కింది భాగం చూడండి. పొట్ట చదునుగానో కాస్త ఉబ్బుగానో ఉండాలి. లోపలికి గుంటపడి ఉంటే అది చాలా రోజులుగా తిండి లేని చేప, తెచ్చినా కోలుకోవడం కష్టం. చెన్నై కొలత్తూర్, కోల్‌కతా లాంటి పెద్ద మార్కెట్ల నుంచి కవర్లలో వచ్చేటప్పుడు రోజుల తరబడి తిండి ఉండదు, వచ్చాక దుకాణంలో "నాచు తింటుందిలే" అని ఎవరూ వేయరు. అందుకే పిల్ల సక్కర్లు ఎక్కువగా చచ్చిపోయేది ఆకలితోనే. కళ్లు లోపలికి పోయి ఉన్నా, రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నా వదిలేయండి.

నోరు గాజుకి ఆని ఉన్నప్పుడు ఒక్క నిమిషం దగ్గరగా చూడండి. గుండ్రటి పెదవి చుట్టూ చిన్న చిన్న బొడిపెలు, మధ్యలో రెండు వరసల సన్నని పళ్లు దువ్వెన కదిలినట్టు గాజు మీద గీకుతుంటాయి. అంటుకుని ఉండగానే మొప్పలు మెల్లగా ఆడుతుంటాయి. కంటి వైపు చూస్తే వెలుతురుకి నల్లగుడ్డు మీదకి పైనుంచి ఒక చిన్న తెర దిగి, గుండ్రటి పాప చంద్రవంకలా కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఆ తెర వెనక్కి పోయి కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది. ఈ చేపకి ఎక్కువ వెలుతురు ఎందుకు పడదో ఆ కన్ను చూస్తే అర్థమవుతుంది. లైటు రోజుకి ఆరేడు గంటలు, అదీ మందంగా, చాలు.

ఇంటికి తెచ్చాక కవరుని పావుగంట నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత చేపతో సహా ఆ నీళ్లను బకెట్లోకి ఒంపి, ట్యాంక్ నీళ్లను సన్న గొట్టంతో బొట్లు బొట్లుగా గంటసేపు పడనివ్వండి. బకెట్ నీళ్లు మూడింతలయ్యాక చేపను మాత్రమే ట్యాంక్‌లోకి వదలండి, ఆ నీళ్లు పారబోయండి. మొదటి రెండు మూడు రోజులు అది కనిపించకపోతే కంగారు పడి రాళ్లు జరపకండి.

6. తిండి: అసలు పని ఇక్కడే

లైట్లు ఆపాక వేయండి. పగలు వేస్తే మిగతా చేపలు తినేస్తాయి, ఇది పైపులోంచి బయటకి రాదు.

రోజువారీ ఆధారం మునిగే బిళ్లలు: స్పైరులినా ఉన్న నాచు బిళ్లలు, మొక్కల పదార్థం ఎక్కువగా ఉన్న క్యాట్‌ఫిష్ పెల్లెట్లు. పిల్లలకు రోజూ, అడుగు దాటినవాటికి వారంలో ఐదు రాత్రులు. వీటితో పాటు మన వంటింట్లో రోజూ ఉండేవే దీనికి విందు. సొరకాయ, కీరదోస, బీరకాయ, గుమ్మడికాయ, చిలగడదుంప, పాలకూర, బఠాణీ. నా అనుభవంలో అన్నిట్లోకి మొదట ఖాళీ అయ్యేది గుమ్మడికాయ. నారింజ రంగు గుజ్జంతా గీకి, కాగితమంత పల్చటి తొక్క మిగులుస్తుంది.

చేసే పద్ధతి: కూరగాయను పురుగుమందు పోయేలా బాగా కడిగి, సొర, గుమ్మడి అయితే అరంగుళం మందం చక్రాలుగా కోసి, ఉప్పు లేని నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి చల్లార్చండి. చిలగడదుంపకి ఇంకాస్త ఎక్కువ సేపు కావాలి. కీరదోస పచ్చిదే పనికొస్తుంది. ముక్క తేలిపోకుండా స్టీలు ఫోర్కు గుచ్చి అడుగుకి దించండి. తెల్లారగానే మిగిలింది తీసేయాలి, మధ్యాహ్నం దాకా ఉంచితే నీళ్లు చెడతాయి.

వారానికి ఒకసారి రొయ్య ముక్క వేయవచ్చు. ఇది సర్వభక్షి. కానీ కోడి మాంసం, మేక గుండె, కొవ్వు ఉన్నవేవీ వద్దు. అన్నం మెతుకులు, బ్రెడ్డు అస్సలు వద్దు, వాటి పిండి నీళ్లను పాడుచేసినంతగా చేపకి పనికిరాదు. పొట్ట ఎప్పుడూ చిన్న ఉబ్బుతో ఉంటే తిండి సరిపోతోందని లెక్క.

7. తోడుగా ఎవరిని పెట్టాలి

గోల్డ్‌ఫిష్, డిస్కస్‌లతో కలపకండి. ఆకలేసిన సక్కర్ రాత్రిపూట నిద్రపోతున్న వెడల్పాటి చేపల ఒంటికి అంటుకుని జిగురు పొర గీకుతుంది. పొద్దున గోల్డ్‌ఫిష్ ఒంటి మీద ఎర్రటి గుండ్రటి పుండ్లు కనిపిస్తే కారణం ఇదే. ఫ్లవర్‌హార్న్‌తో అయితే కథ తిరగబడుతుంది, అది సక్కర్ కళ్లు పొడుస్తుంది. సిల్వర్ డాలర్లు, టిన్‌ఫాయిల్ బార్బ్‌లు, సెవరమ్ లాంటివి సరిపోతాయి. ఆస్కార్‌తో చాలామంది పెంచుతారు, ట్యాంక్ పెద్దదైతే కుదురుతుంది. పెద్ద సక్కర్లు రెండింటిని ఒకే చోట పెట్టకండి, ఒకే పైపు కోసం ముళ్లు విప్పి కొట్లాడుకుంటాయి.

8. వారం వారం, వేసవిలో, కరెంటు పోయినప్పుడు

వారానికి 40 శాతం నీళ్లు మార్చాలి. మన ట్యాంక్‌కి అది 224 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లు పదకొండు. మోయలేరు. ఒక పొడుగు గొట్టం, డ్రమ్ములో చిన్న మోటారు పెట్టుకుంటే అరగంట పని. తీసే నీళ్లను మొక్కలకు పోయండి. తీసేటప్పుడు గొట్టం కొసతో ఇసుక మీద పేరుకున్న పెంటను లాగేయండి. నైట్రేట్ లీటరుకి 20 మిల్లీగ్రాముల దగ్గర ఉంచాలని చూడండి, 40 దాటితే నీళ్లు చాలడంలేదు లేదా మేత ఎక్కువవుతోంది.

వేసవిలో అసలు శత్రువు వేడి కాదు, దానివల్ల తగ్గే ఆక్సిజన్. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ఆక్సిజన్, 32 డిగ్రీలకి వచ్చేసరికి 7.3 దగ్గరికి పడిపోతుంది. ఏప్రిల్ రాగానే గాలి రాళ్లు పెంచండి, మేత తగ్గించండి. మూత కొంచెం జరిపి పైన సన్న వల బిగించి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. హైదరాబాద్, అనంతపురం పొడి ఎండలకి ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, మచిలీపట్నం ఉక్కలో అంతగా పనిచేయదు, అక్కడ గది చల్లగా ఉంచడమే మేలు. ఐస్ ముక్కలు నేరుగా వేయకండి. మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తేలనిస్తే నెమ్మదిగా దిగుతుంది.

కరెంటు పోతే గాలి మోటారు ఒక్కటైనా ఇన్వర్టర్ మీద నడవాలి, లేదా బ్యాటరీ మోటారు ఉంచుకోండి. సక్కర్ గాలి మింగి గట్టెక్కుతుంది కానీ మిగతా చేపలు అలా చేయలేవు. రింగుల్లోని బాక్టీరియా కూడా ఆక్సిజన్ లేకుండా గంటల తరబడి ఉంటే చచ్చిపోవడం మొదలవుతుంది.

9. జబ్బు చేస్తే

మందు సీసా వైపు చెయ్యి వెళ్లే ముందు టెస్ట్ కిట్ తీయండి. పదిలో ఎనిమిదిసార్లు తప్పు నీళ్లదే అని నా నమ్మకం. సగం నీళ్లు మార్చి ఒక రోజు చూడండి.

తెల్ల చుక్కలు పలకల మీదకంటే రెక్కల మీద ముందు కనిపిస్తాయి. రెండు రోజుల్లో నెమ్మదిగా 30 డిగ్రీలకు పెంచి, గాలి బాగా ఇచ్చి, పది రోజులు అలా ఉంచండి. మందు వాడక తప్పకపోతే వేరే తొట్టిలో వేసి వాడండి. రాగి ఉన్న మందులు, మలకైట్ గ్రీన్ ఈ జాతికి పడవు, వాడితే చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. ప్రతి వారం గుప్పెడు కల్లుప్పు వేసే అలవాటు సక్కర్ ఉన్న ట్యాంక్‌లో అవసరం లేదు.

10. పట్టుకోవడం, ఇంకోచోటికి మార్చడం

వల వాడకండి. రెక్కల ముందు ముల్లు విప్పితే కీలు పడ్డట్టు బిగుసుకుంటుంది, వల దారాల్లో చిక్కుకుని లాగేకొద్దీ రెక్క చిరుగుతుంది. అప్పటికే చిక్కుకుంటే వలనే కత్తిరించండి. ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలోనే దాని ముందు పెట్టి, వెనకనుంచి మెల్లగా తోలండి. పైపులో ఉన్నప్పుడే రెండు కొసలూ చేతులతో మూసి పైపుతో సహా ఎత్తడం అన్నిటికంటే సులువు. చేతులు ఛాతీ ముళ్లకీ ఒంటికీ మధ్య పెట్టకండి, మూసుకుంటే వేళ్లు నలుగుతాయి.

దూరం తీసుకెళ్లాలంటే కవరు వద్దు, ముల్లు పొడుస్తుంది. మూత ఉన్న 50 లీటర్ల డబ్బాలో సగం ట్యాంక్ నీళ్లు పోసి, బ్యాటరీ గాలి మోటారు పెట్టండి. ముందు రోజు నుంచి తిండి ఆపేయండి.

పెంచలేని పరిస్థితి వస్తే

బదిలీ అవ్వొచ్చు, ఇల్లు మారొచ్చు. అందులో తప్పేమీ లేదు. చేయకూడని పని ఒక్కటే: చెరువులోనో కాలువలోనో గుడి కోనేట్లోనో వదలడం. పుణ్యం అనుకుని చాలామంది చేస్తున్నారు. ఈ చేప మన నీళ్లలో చావదు, పెరుగుతుంది. ఒంటి పలకల వల్ల దీన్ని మింగే చేపలు ఇక్కడ తక్కువ. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది, గట్లు కోసుకుపోతాయి. చేపల చెరువుల్లో మేత తినేస్తుంది, వలలు చింపేస్తుంది. మన జాలర్లు డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది దీన్నే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలే డీఎన్‌ఏతో దీన్ని పసిగట్టే పద్ధతి తయారుచేసి చూస్తే, తూర్పు కనుమల్లో వాళ్లు పరీక్షించిన జలాశయాల్లో దాదాపు 60 శాతంలో దీని ఆనవాళ్లు దొరికాయి. మెక్సికోలోని ఇన్ఫియెర్నియో జలాశయంలో తిలాపియా వేటనే నమ్ముకున్న జాలర్లను ఈ జాతులు దెబ్బతీశాయి. అక్కడికీ ఇక్కడికీ ఇది నడిచి రాలేదు, పెంపకందార్ల చేతుల మీదుగానే వచ్చింది.

కాబట్టి ముందు మీరు కొన్న దుకాణంలోనే తిరిగి తీసుకుంటారా అని అడగండి, పెద్ద చేపలకు గిరాకీ ఉన్నచోట తీసుకుంటారు. మీ ఊళ్లో చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటోతో, కొలతతో, ఇన్నాళ్లు ఏం తిన్నదో రాసి పెట్టండి. తీసుకోవడానికి వచ్చినవాళ్లని మొదట అడగాల్సింది ధర గురించి కాదు, ట్యాంక్ వెడల్పు ఎంత అని. రెండడుగులు అంటే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దాని పైపు, దాని చెక్క మొద్దు, మీ సంప్‌లోని స్పాంజి ఒకటి తడిగా కవర్లో పెట్టి చేపతో పాటే పంపండి. కొత్తచోట నీళ్లూ త్వరగా కుదురుతాయి, చేపకి దాక్కోవడానికి తన చోటూ ఉంటుంది.